ఈ వేరు కుంపటి ఎందుకమ్మా?

అమెరికాలో చరిత్రకారుల పెద్ద సంఘం, అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్, 1884లో పుట్టింది. అంతటి ఉమ్మడి ఇల్లు ఉండగా 1979లో కొందరు నల్లజాతి మహిళలు 'అసోసియేషన్ ఆఫ్ బ్లాక్ విమెన్ హిస్టారియన్స్' అంటూ వేరు కుంపటి పెట్టుకున్నారు. తొందరపాటు కాకపోతే ఏమిటి?

పెద్ద సంఘం చేతులు కట్టుక్కూర్చుందా? 1943లో నెల్లీ నీల్సన్ అనే మహిళను అధ్యక్షురాల్ని చేసింది. ఈ కుంపటి రాజుకున్న 1979లోనే జాన్ హోప్ ఫ్రాంక్లిన్ అనే నల్లజాతి పెద్దాయన్ని అదే కుర్చీలో కూర్చోబెట్టింది. మహిళా అయింది, నల్లజాతీ అయింది. రెండూ కూడితే నల్లజాతి మహిళ వచ్చేసినట్టే కదా! ఈపాటి కూడిక రానివాళ్లు చరిత్ర ఏం రాస్తారు? అయినా పోనీలెమ్మని 2024లో నల్లజాతి మహిళ థవోలియా గ్లింఫ్‌ని అధ్యక్షురాల్ని చేశారు కూడా. 140 ఏళ్లు పట్టిందంటారా? చరిత్రకారులకి అదొక లెక్కా! (1907లో పుట్టిన ఇంకో చరిత్రకారుల సంఘం మాత్రం ఆగలేక 1990లోనే నల్లజాతి మహిళ మేరీ ఫ్రాన్సిస్ బెర్రీకి కుర్చీ ఇచ్చేసింది. కుర్రసంఘాలకి నిదానం ఎక్కడిది?)

ఆడవాళ్లు సంఘం పెడితే వచ్చే చిక్కల్లా ఒకటే, పని చెప్తారు. 1980లో ఇండియానాపొలిస్ నుంచి ఒక స్కూలు టీచరమ్మ, నేషనల్ కౌన్సిల్ ఆఫ్ నీగ్రో విమెన్ అనే మరో నల్లజాతి ఆడవాళ్ల సంఘం అక్కడి శాఖ తరఫున, పర్డ్యూ యూనివర్సిటీలో చరిత్ర చెప్పే డార్లీన్ క్లార్క్ హైన్‌కి ఫోన్ చేసింది. మా ఇండియానా నల్లజాతి ఆడవాళ్ల చరిత్ర రాసిపెట్టమంది. హైన్ పద్ధతి తెలిసిన మనిషి. హాంబర్గర్ ఆర్డరిచ్చినట్టు పుస్తకం ఆర్డరిస్తే ఎలాగన్నారు. అవతలావిడ వదిలితేగా! మీరు నల్లజాతి స్త్రీయేనా? అవును. చరిత్రకారిణేనా? అవును. మరి ఆ రెండూ కలిపి ఒక పుస్తకం రాయలేరా?

చూశారా, వీళ్లకీ కూడికే, కాకపోతే తప్పుడు కూడిక. తర్వాత ఆ ఆడవాళ్లు ఇళ్లలో దాచుకున్న కాగితాలన్నీ అట్టపెట్టెల్లో మోసుకొచ్చి ఆవిడ ముందు పెట్టారు. ఆర్కైవులో లేనిది జరగనే లేదని మర్యాదగా సరిపెట్టుకునే పెద్దల గతేం కాను? మరుసటేడే పుస్తకం వచ్చింది. అంతటితో పోయిందా, 1993కల్లా నల్లజాతి మహిళల మీద రెండు సంపుటాల విజ్ఞాన సర్వస్వం హైన్ సంపాదకత్వంలో దిగింది.

ఇక 2011లో 'ది హెల్ప్' సినిమా. తెల్లవాళ్ల ఇళ్లలో పనిచేసే నల్లజాతి ఆడవాళ్ల కథ. జనం చూశారు, కళ్లు తుడుచుకున్నారు, హాయిగా ఇళ్లకు బయల్దేరారు. ఈ కుంపటి వాళ్లు ఊరుకోవచ్చుగా? బహిరంగ ప్రకటన వదిలారు: ఆ పనివాళ్లు పడ్డ లైంగిక వేధింపులేవీ, వాళ్ల నోట ఆ వెక్కిరింపు యాసేమిటి అని. పైగా ప్రకటన చివర చదవాల్సిన పుస్తకాల జాబితా ఒకటి తగిలించారు. టికెట్టు కొనుక్కుని సినిమాకెళ్లినవాడికి హోంవర్కు ఇస్తారుటండీ ఎవరైనా!