సవరణ: యాదృచ్ఛిక ఎంపిక వేరు, యాదృచ్ఛిక కేటాయింపు వేరు

మనస్తత్వశాస్త్ర పరిశోధనా పద్ధతులపై ఇంతకుముందు రాసిన వ్యాసంలో, విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో ఉదయం నడిచేవారిలో కొందరిని చీటీలు తీసి ఎంచుకుని ప్రశ్నిస్తే, నడక ఆందోళనను తగ్గిస్తుందో లేదో తేలిపోతుందని ఉదాహరణగా చెప్పాను. అది తప్పు. విద్యార్థులు దాన్ని అలాగే నోట్సులో రాసుకుని ఉంటారేమోనన్నదే నా బాధ.

చీటీలతో మనుషులను ఎంచుకోవడం యాదృచ్ఛిక ఎంపిక. దానివల్ల అక్కడ నడిచేవారందరి గురించి ఒక మాట చెప్పగలమే గాని, కారణం తేలదు. తెల్లవారుజామున బీచ్‌రోడ్డుకు రాగలిగినవారు మొదటినుంచీ ఆరోగ్యంగా, తీరికగా ఉన్నవారు కావచ్చు. ఉక్కు కర్మాగారంలో రాత్రి షిఫ్టు ముగించుకుని ఇల్లు చేరుతున్నవారు, మోకాళ్ల నొప్పితో గడప దాటలేనివారు మన లెక్కలోకే రారు. బీచ్‌కు వచ్చేవారు ఆందోళన తక్కువగా ఉన్నందువల్లే నడకకు వస్తూ ఉండవచ్చు కూడా.

కారణం తేల్చాలంటే, పాల్గొనడానికి అంగీకరించినవారిలో ఎవరు నడవాలో, ఎవరు నడవకూడదో చీటీయే నిర్ణయించాలి. ఇది యాదృచ్ఛిక కేటాయింపు. ఉదాహరణకు, అమెరికా పరిశోధకులు చార్లెస్ పియర్స్, జోసెఫ్ జాస్ట్రో 1885లో ప్రచురించిన ప్రయోగంలో, బరువులోని స్వల్ప తేడాను మనిషి గుర్తించగలడా అని చూశారు; అందులో ఏ విడతలో బరువు పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో పేకముక్కలు కలిపి తీసి నిర్ణయించారు. ప్రయోగకర్త ఇష్టాయిష్టాలకు అక్కడ తావు లేదు. వ్యాసంలోని ఆ పేరాను ఈ మేరకు మార్చి చదువుకోవలసిందిగా కోరుతున్నాను.