డొలోరెస్ దెల్ రియోని టాకీలు ముంచలేదు, ఆమె ఓడిపోయి ఇంటికీ చేరలేదు

పాత హాలీవుడ్ ముచ్చట్లు రాసే పేజీల్లో మెక్సికో నటి డొలోరెస్ దెల్ రియో జీవితమంతా ఒక్క పేరాలో తేలిపోతుంటుంది. మూకీల్లో వెలిగిందట, టాకీలు రాగానే యాస అడ్డొచ్చి పడిపోయిందట. భర్త సెడ్రిక్ గిబ్బన్స్‌కి మెక్సికో నటుడు, తర్వాత దర్శకుడైన ఎమీలియో ఫెర్నాండెజ్‌ని పరిచయం చేస్తే అతని ఒళ్లు చూసే ఆస్కార్ బొమ్మ గీశారట. ప్రియుడు, అమెరికా నటదర్శకుడు ఆర్సన్ వెల్స్ వదిలేశాక ఓడిపోయి మెక్సికో చేరిందట. అమెరికా ఆమెను శాశ్వతంగా వెలేసిందట. రోజుకు పదహారు గంటలు నిద్రపోయి, పూలరేకులు తిని అందం కాపాడుకుందట. ఆమె సినిమాలు చూడనివాళ్లకు ఆమె గురించి మిగిలేది ఈ పేరానే. అందుకే దీన్ని ముక్కముక్కగా విప్పి చూడాలి.

"టాకీలు రాగానే యాస వల్ల పడిపోయింది."

తేదీలు వరసగా పెట్టి చూడండి. 1925లో దర్శకుడు ఎడ్విన్ కేర్యూ ఆమెను హాలీవుడ్‌కి రప్పించాడు. 1926లో 'వాట్ ప్రైస్ గ్లోరీ', 1927లో టాల్‌స్టాయ్ నవల ఆధారంగా 'రిసరెక్షన్', 1928లో 'రమోనా' వచ్చాయి. వీటితో ఆమె పెద్ద తార అయింది. 1928 మార్చి 29న యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ తన తారల గొంతులు జనానికి వినిపించడానికే ఒక రేడియో కార్యక్రమం చేసింది. ఆ రాత్రి మైకు ముందుకు వచ్చినవాళ్లలో చాప్లిన్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్, జాన్ బ్యారీమోర్ ఉన్నారు, దెల్ రియో కూడా ఉంది. ఆమె 'రమోనా' పాట పాడింది. అదే పాట ఆమె గొంతుతో గ్రామఫోన్ రికార్డుగానూ వచ్చింది. టాకీల భయం స్టూడియోలను పట్టుకున్న నాటికే ఆమె గొంతు, ఆ గొంతులోని యాస శ్రోతలకు తెలుసు.

మొదటి టాకీ 'ది బ్యాడ్ వన్' 1930లో వచ్చింది. ఆ తర్వాత కొంతకాలం తెరపై కనిపించలేదు, నిజమే. దానికి కారణం జబ్బు. కోలుకున్నాక ఆర్.కె.ఓ. సంస్థకు పని చేసింది. 1932లో కింగ్ విడార్ దర్శకత్వంలో 'బర్డ్ ఆఫ్ ప్యారడైజ్', 1933లో 'ఫ్లయింగ్ డౌన్ టు రియో'. ఈ రెండో సినిమాని ఇప్పుడు అందరూ ఫ్రెడ్ ఆస్టేర్, జింజర్ రోజర్స్ మొదటిసారి జంటగా ఆడిన సినిమాగా చెప్పుకుంటారు. టైటిల్స్ ఒకసారి ఆపి చూడండి, మొదటి పేరు దెల్ రియోది. 1934లో వార్నర్ బ్రదర్స్‌లో 'వండర్ బార్', 'మేడమ్ దు బారీ' చేసింది. 1930 నుంచి మెక్సికో వెళ్లేదాకా ఆమె చేసిన టాకీలు డజనుకు పైగా ఉన్నాయి. యాస ముంచిన నటికి ఇన్ని వేషాలు ఎవరిస్తారు?

ఆమె స్థానం జారిన మాట వాస్తవం. జారడానికి కారణం ఆమెకిచ్చిన పాత్రలు. రష్యా పల్లెపడుచు, పాలినీషియా రాజకుమారి, బ్రెజిల్ సంపన్నురాలు, ఫ్రెంచ్ రాజు ప్రియురాలు: హాలీవుడ్ ఆమెను 'ఎక్కడో దూరదేశపు అందం'గానే వాడుకుంది. అలాంటి సినిమాలకు కాస్త చొరవైన శృంగారం ఆయువుపట్టు. 1934 జులై నుంచి సెన్సార్ నియమావళిని గట్టిగా అమలు చేయడం మొదలయ్యాక ఆ దారి మూసుకుపోయింది, 'మేడమ్ దు బారీ'కి కత్తెర పడింది. ఆ తర్వాతి పాత్రల్లో పస తగ్గింది. 1938లో థియేటర్ యజమానుల సంఘమొకటి టికెట్లు తెగని తారలంటూ పత్రికల్లో ప్రకటన వేయించినప్పుడు అందులో దెల్ రియో పేరుంది. యాస కథ చెప్పేవాళ్లు ఆ జాబితా అంతా చదవాలి. స్వీడన్ నుంచి వచ్చిన గ్రెటా గార్బో ఉంది సరే, జోన్ క్రాఫర్డ్, కాథరిన్ హెప్‌బర్న్ కూడా ఉన్నారు. వాళ్లిద్దరి పుట్టుభాష ఇంగ్లిషే.

"ఆమె పరిచయం చేసిన ఫెర్నాండెజే ఆస్కార్ బొమ్మకు నమూనా."

ఆస్కార్లు ఇచ్చే అకాడమీ పుట్టింది 1927లో. బొమ్మ రూపాన్ని ఎం.జి.ఎం. స్టూడియో కళాదర్శకుడు గిబ్బన్స్ గీశాడు, లాస్ ఏంజెలెస్ శిల్పి జార్జ్ స్టాన్లీ మలిచాడు. మొదటి బహుమతుల ప్రదానం 1929 మే 16న జరిగింది, అంటే అప్పటికే బొమ్మలు పోతపోసి సిద్ధంగా ఉన్నాయి. దెల్ రియో, గిబ్బన్స్‌ల పెళ్లి 1930 ఆగస్టులో. బొమ్మ గీసే రోజులకు ఆమె ఇంటిపేరు తెచ్చిన మొదటి భర్త హైమే మార్తినెజ్ దెల్ రియో కథే ఇంకా ముగియలేదు. వాళ్ల విడాకులు 1928లో, అదే ఏడాది చివర ఆయన చనిపోయాడు. భార్య వచ్చి భర్తకు స్నేహితుణ్ని చూపించిందంటే, అప్పటికి ఆ భార్యాభర్తలే లేరు.

ఫెర్నాండెజ్ ఆ రోజుల్లో హాలీవుడ్‌లో చిన్నాచితకా వేషాలు వేస్తూ తిరిగిన మాట నిజమే. కథ పుట్టడానికి అది సరిపోయింది, రుజువు కావడానికి మాత్రం చాలదు. చేతిలో కత్తి పట్టుకుని ఫిల్మ్ రీలు మీద నిలబడ్డ యోధుడు ఆ బొమ్మ. రీలుకున్న అయిదు ఆకులు అకాడమీ తొలినాటి అయిదు శాఖలకు గుర్తు. ఫలానా మనిషిని నిలబెట్టి గీశారని చెప్పే నాటి కాగితమేదీ ఈ కథ పంచేవాళ్లు చూపించరు.

"వెల్స్ వదిలేశాడు, అందుకే వెళ్లిపోయింది."

గిబ్బన్స్‌తో విడాకులు 1941లో. వెల్స్‌తో అనుబంధం అప్పటికే నడుస్తోంది. 1942 ఫిబ్రవరిలో వెల్స్ షూటింగ్ కోసం బ్రెజిల్ వెళ్లాడు, ఆ ఏడాదిలోనే ఇద్దరూ విడిపోయారు. అతను రీటా హేవర్త్‌ని పెళ్లాడింది 1943లో. ఎవరు ఎవరిని వదిలారన్న పంచాయితీ ఎటు తేలినా, 38 ఏళ్ల నటి దేశం మారడానికి అదొక్కటే కారణమనడం ఆమె బుర్రని తక్కువ చేయడమే. అప్పుడు మెక్సికోలో ఏం జరుగుతోందో చూడండి. యుద్ధం వల్ల ముడి ఫిల్ముకు కటకట. తటస్థంగా ఉన్న అర్జెంటీనాకు అమెరికా ఫిల్ము బిగబట్టి, మిత్రపక్షంలో చేరిన మెక్సికోకు ఇచ్చింది. 1942లో సినిమాలకు అప్పులిచ్చే బ్యాంకు అక్కడ మొదలైంది. స్పానిష్ మాట్లాడే దేశాల మార్కెట్ మెక్సికో చేతికి వస్తోంది. పని ఎక్కడుందో ఆమె అక్కడికి వెళ్లింది.

"మెక్సికో చేరాక కథ ముగిసింది."

అన్నిటికంటే బాధ కలిగించే అబద్ధం ఇది. ఆమె అసలు నటజీవితం ఇక్కడే మొదలైంది. 1943లో 'ఫ్లోర్ సిల్వెస్త్రే' ఆమె మొదటి మెక్సికో సినిమా. దర్శకుడు ఫెర్నాండెజ్, కెమెరా గాబ్రియెల్ ఫిగెరోవా, రచన మౌరీసియో మగ్దలేనో, జోడీ పెడ్రో అర్మెండారిజ్. దురాంగోలో బ్యాంకు నడిపిన తండ్రికి పుట్టి, మెక్సికో విప్లవంలో ఆస్తి పోగొట్టుకున్న కుటుంబం ఆమెది. ఆమే ఇక్కడ జమీందారు కొడుకుని పెళ్లాడిన పేద రైతుబిడ్డగా, రెండు జడలతో, నూలు శాలువాతో, విప్లవం మధ్యన నిలబడింది. నగలు, పట్టుగౌన్లు లేకుండా ఆ ముఖాన్ని తెరమీద చూడటం జనానికి కొత్త.

వెంటనే అదే బృందంతో 'మరియా కాండెలారియా'. మెక్సికో సిటీ దగ్గరి సోచిమిల్కో కాలువల్లో పూలమ్ముకునే, ఊరు వెలేసిన ఆదివాసీ యువతి పాత్ర. ఫిగెరోవా అమెరికాలో ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలండ్ దగ్గర పని నేర్చుకున్నవాడు. ఫిల్టర్లతో ఆకాశాన్ని నల్లబరిచి మబ్బుల్ని తెల్లగా నిలబెడతాడు, కెమెరాని నేలకి దించి మనిషిని ఆ మబ్బుల్లోకి ఎత్తుతాడు. అలాంటి ఫ్రేములో అతిగా నటిస్తే చెడుతుంది. మూకీల్లో నేర్చిన నిశ్చలత్వం ఆమెకు ఇక్కడ అక్కరకొచ్చింది. 1946 కాన్ చలనచిత్రోత్సవంలో ఆ సినిమాకి గ్రాండ్ ప్రి దక్కింది. ఆ ఏడాది 11 సినిమాలు పంచుకున్న ఆ బహుమతిలో మన చేతన్ ఆనంద్ 'నీచా నగర్' కూడా ఉంది.

ఇక 'లాస్ అబందొనాదాస్', 'దోన్యా పెర్ఫెక్తా', 'ఎల్ నీన్యో ఇ లా నియెబ్లా': ఈ మూడింటికీ ఉత్తమ నటిగా మెక్సికో అత్యున్నత సినీ బహుమతి ఆరియెల్ అందుకుంది. 1946లో రొబెర్తో గవల్దోన్ తీసిన 'లా ఓత్రా'లో కవల అక్కచెల్లెళ్లుగా రెండు పాత్రలూ ఆమే. ఆ కథనే 1964లో బెటీ డేవిస్‌తో హాలీవుడ్ మళ్లీ తీసింది. ఆమె సత్తా తెలియాలంటే మా మాటగా ముందు 'లా ఓత్రా' చూడండి. ఒకే ముఖంతో అసూయనీ అహంకారాన్నీ విడివిడిగా పలికించిన నటిని పట్టుకుని 'అందగత్తె' అని సరిపెట్టడం అన్యాయం.

"అమెరికా శాశ్వతంగా వెలేసింది."

సగం నిజం. 1954లో 'బ్రోకెన్ లాన్స్'లో వేషం ఖాయమయ్యాక, కమ్యూనిస్టు సానుభూతి ఉందన్న అనుమానంతో అమెరికా ప్రభుత్వం రానివ్వలేదు. ఆ పాత్ర మరో మెక్సికో నటి కాటీ హురాదోకి వెళ్లి, ఆమెకు ఆస్కార్ నామినేషన్ తెచ్చింది. అయితే 1960 నాటికే దెల్ రియో హాలీవుడ్‌లో 'ఫ్లేమింగ్ స్టార్'లో ఎల్విస్ ప్రెస్లీకి తల్లిగా వేసింది, 1964లో జాన్ ఫోర్డ్ 'షయెన్ ఆటమ్' చేసింది.

"పదహారు గంటల నిద్ర, పూలరేకుల తిండి."

1944లో ఒక్క ఏడాదిలోనే ఫెర్నాండెజ్‌కి రెండు సినిమాలు చేసిన మనిషి ఆమె. ఎండవాటం చూసుకుని ఆరుబయట తీసే షూటింగులకు తెల్లవారకముందే మేకప్పు మొదలవ్వాలి. 1950ల్లో నాటకాలూ తోడయ్యాయి, అంటే సాయంత్రాలూ పనే. రోజులో మిగిలిన ఎనిమిది గంటల్లో ఇవన్నీ ఇమడవు. 1970ల్లో ఆమె సమయం తీసుకున్న మరో పనిని ఈ పోస్టులు ప్రస్తావించవు. షూటింగులకూ నాటకాలకూ వెళ్లే నటీమణుల పిల్లల్ని ఎవరు చూసుకుంటారన్న సమస్య మీద సాటి నటీమణులతో కలిసి నటుల సంఘం తరఫున శిశుసంరక్షణ కేంద్రం పెట్టించి, దాని నిర్వహణ తనే దగ్గరుండి చూసుకుంది.