రంగు ఎక్కడ ముగుస్తుంది, చెక్క ఎక్కడ మొదలవుతుంది?

కావలిలో మా అమ్మమ్మ ప్రతి శుక్రవారం గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేది. ఏళ్ల తరబడి రాసిన పసుపు చెక్క పగుళ్లలోకి దిగి గట్టిపడటంతో, ఎక్కడ రంగు ముగిసి ఎక్కడ చెక్క మొదలవుతుందో వేలితో తడిమినా తెలిసేది కాదు. వాషింగ్టన్‌లో అమెరికన్ శిల్పి ఆన్ ట్రూయిట్ చేసిన రంగుల చెక్క స్తంభం ముందు తొలిసారి నిలబడినప్పుడు నాకు ఆ గడపే గుర్తుకొచ్చింది.

1921లో బాల్టిమోర్‌లో పుట్టిన ట్రూయిట్ కాలేజీలో చదివింది మనస్తత్వశాస్త్రం. 1961 నవంబరులో న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో నైరూప్య చిత్రకారుడు బార్నెట్ న్యూమన్ చిత్రాన్ని చూశాక ఆమె దారి మారింది. ఆ ఏడాదే, చిన్ననాటి ఊరి కంచెలను తలపించే తెల్లని చెక్క శిల్పం ‘ఫస్ట్’ చేశారు. 1963లో న్యూయార్క్‌లో తొలి ప్రదర్శన జరిగింది. ఆ తరువాత 2004లో కన్నుమూసే వరకు ఆమె చేసినవాటిలో ఎక్కువ భాగం మనిషెత్తు చెక్క స్తంభాలే. చెక్కపనిని వడ్రంగులకు అప్పగించి, రంగు మాత్రం తానే వేసేవారు. ఒక పూత ఆరాక శాండ్‌పేపర్‌తో రుద్ది, మళ్లీ పూత వేసి, మళ్లీ రుద్ది, కుంచె జాడ పూర్తిగా మాయమయ్యేదాకా ఆ పని సాగించేవారు. స్తంభం చుట్టూ నడుస్తుంటే ఒక ముఖం మీది రంగు మూల తిరిగి పక్క ముఖంలో మరొక రంగును కలుసుకుంటుంది. గోడకు వేలాడే చిత్రంలో ఈ అనుభవం దొరకదు.

విమర్శకులు ఆమెను మినిమలిస్టుల జాబితాలో, అంటే కథనూ అలంకారాన్నీ వదిలి సరళమైన ఆకారాలతోనే పనిచేసే కళాకారుల జాబితాలో చేర్చారు. నాకది సమ్మతం కాదు, ఎందుకంటే ఆ స్తంభాల పేర్లలోనే ఆమె చూసిన ఊళ్లు, జ్ఞాపకాలు పలుకుతాయి. 1964 నుంచి 1967 దాకా టోక్యోలో ఉన్నప్పుడు అల్యూమినియంతో చేసిన శిల్పాలను ఆ తరువాత ఆమే ధ్వంసం చేశారు. తన చేతిపనిని అంత నిర్దాక్షిణ్యంగా తూచుకున్న కళాకారిణి పట్ల నాకు అపారమైన గౌరవం.

ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్లరాయి ఇక్కడ అమెరికాలో వంటగదుల్లో గట్లుగా పరచుకుంది. పాలిష్ పట్టగానే నలుపులోంచి బంగారు చుక్కలు పైకి తేలే ఆ రాయిలో రంగు పైపూత కాదు, రాయే రంగు. ఇక్కడి మన తెలుగు సంఘాలు సొంత ఊళ్లలో ప్రముఖుల విగ్రహాలకు విరాళాలిస్తున్నాయి, అది మంచిదే. ఈసారి ఒంగోలు ప్రాంతపు యువ శిల్పి ఒకరికి ఒక చీమకుర్తి రాయిని, ఏడాది భృతిని ఇవ్వాలని, ఏ రూపం చెక్కాలో మాత్రం మనం నిర్దేశించకూడదని మన సంఘం కార్యవర్గాన్ని కోరుతున్నాను.