మద్రాసు యూదుల శ్మశానం: ఊరంతా తిరిగిన సమాధిరాళ్లు

కోహినూరు మాట వచ్చిన ప్రతిసారీ మనకు ఆవేశం పొంగుకొస్తుంది. కృష్ణా తీరపు వజ్రాలను సముద్రం దాటించిన వర్తకుల సమాధిరాళ్లు చెన్నైలో ఉన్నాయంటే మాత్రం మనలో చాలామంది ఆశ్చర్యపోతారు.

పదిహేడో శతాబ్దంలో మద్రాసు చేరిన ఆ యూదులు స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో మతపీడనకు గురైన కుటుంబాల వారసులు. లండన్, ఆమ్‌స్టర్‌డామ్, ఇటలీలోని లివోర్నో రేవు వారి స్థావరాలు. మధ్యధరా పగడాలు, వెండి తెచ్చి కొల్లూరు వంటి గనుల వజ్రాలు కొనుక్కుని వెళ్లేవారు. జార్జిటౌన్‌లో కోరల్ మర్చంట్ వీధికి ఆ పేరు వచ్చింది పగడాల వ్యాపారం వల్లే.

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన జాక్ ద పైవా మద్రాసులోని పెద్దనాయకన్‌పేటలో తమవారి కోసం శ్మశానం ఏర్పాటు చేశాడు. గోల్కొండ గనుల వైపు వెళ్లి జబ్బుపడి, తిరిగొచ్చి 1687లో కన్నుమూశాడు. గోల్కొండ ఔరంగజేబు వశమైందీ ఆ ఏడాదే. పైవాను ఆ శ్మశానంలోనే ఖననం చేశారు. మరుసటి ఏడాది మద్రాసు కార్పొరేషన్ ఏర్పడినప్పుడు యూదు వర్తకులు ఆల్డర్మన్లు, అంటే నగర పాలకమండలి సభ్యులు, అయ్యారు. వారిలో బార్తొలొమ్యూ రోడ్రిగ్స్ 1692లో ఇక్కడే మరణించాడు.

1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడ్డాయి. ఇక్కడి వ్యాపారం సన్నగిల్లింది, సమాజమూ కరిగిపోయింది. శ్మశానానికి అసలు కష్టం అప్పుడు మొదలైంది. యూదు ధర్మంలో సమాధి శాశ్వతం, దాన్ని కదిలించడం అత్యంత అరుదు. దర్శించుకోవడానికి వచ్చినవారు రాతిమీద చిన్న గులకరాయి ఉంచి వెళతారు. అలా వచ్చే వారసులు లేనిచోట ఊరి అవసరాలదే పైచేయి అయింది. రాళ్లను 1934లో సెంట్రల్ పార్కుకు, 1979లో కాశిమేడుకు, 1983లో లాయిడ్స్ రోడ్డుకు మార్చారు. ఇప్పుడు అక్కడ మిగిలినవి ఇరవైకి లోపే.

ఇది నన్ను బాధపెడుతుంది. రాయిని కదిలిస్తే దానిమీది హీబ్రూ అక్షరాలు వెంట వస్తాయి, కింది మనిషి ఏ నేలలో ఉన్నాడన్న సాక్ష్యం రాదు. చూసుకునే కుటుంబాలు లేని శ్మశానం బాధ్యత ప్రభుత్వానిదే అవుతుందని నా నమ్మకం. తమిళనాడు ఈ రాళ్లను ఇంకెక్కడికీ కదలనివ్వకూడదు. తెలుగు రాష్ట్రాల పురావస్తు శాఖలు వాటి శాసనాలను చదివించి, తెలుగులో ప్రచురించాలి. గోల్కొండ వజ్రాల కథలో గనిలో దిగిన కూలీ గురించీ, కొన్న వర్తకుడి గురించీ మన పిల్లలు చదివేది చాలా తక్కువ. కూలీల పేర్లు ఎలాగూ దక్కలేదు. ఈ కొద్దిమంది వర్తకుల పేర్లు రాతిమీద ఇంకా చదవగలిగేలా ఉండగానే ఆ పని జరగాలి.