‘కావాలనే చేస్తున్నాడు’ అన్న మాట దగ్గరే అంతా ఆగిపోతోంది

కిందటేడు ఆగస్టులో ఒక గురువారం. మావాడు అప్పుడు నాలుగో తరగతి. వాడికి ఆస్పర్జర్స్ ఉంది, అంటే ఆటిజంలో ఒక రకం: మాటలు, చదువు బాగానే వస్తాయి, ఎదుటివాళ్లు చెప్పకుండా వదిలేసినవి మాత్రం అర్థం కావు. క్లాసులో పక్క పిల్లలు మాట్లాడుకుంటుంటే ‘పాఠం జరిగేటప్పుడు మాట్లాడకూడదని రూల్ ఉంది కదా మిస్’ అని మూడుసార్లు లేచి చెప్పాడట. ఆవిడకి విసుగొచ్చి వాడినే బయట నిలబెట్టి, ‘నేను పిలిచేదాకా ఇక్కణ్ణుంచి కదలకు’ అంది. బెల్ కొట్టారు, ఆవిడ ఇంకో క్లాసుకి వెళ్లిపోయింది, పిలవడం మర్చిపోయింది. ఇంకో పీరియడ్ అయిపోయింది, లంచ్ కూడా అయిపోయింది. వాడు గోడ పక్కన అక్కడే ఉన్నాడు. అన్నం తినలేదు, బాత్రూమ్‌కి వెళ్లలేదు. వరండా ఊడ్చడానికి వచ్చిన ఆయా చూసి లోపలికి రమ్మంటే కూడా రాలేదు, పిలవాల్సింది ఆయా కాదు కాబట్టి.

సాయంత్రం డైరీ తెరిస్తే ఎర్ర ఇంకుతో ఒక లైన్: చెప్పిన మాట వినడు, పేరెంట్స్ వచ్చి కలవాలి.

ఆ రోజు ఆ స్కూల్లో వాడంత అక్షరాలా మాట విన్న పిల్లవాడు ఇంకొకడు ఉండడు. ‘ఎందుకు నాన్నా, బెల్ కొట్టాక వెళ్లొచ్చు కదా’ అని అడిగితే, ‘మిస్ మర్చిపోయిందని నాకెలా తెలుస్తుంది?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆస్పర్జర్స్ ఉన్న పిల్లల విషయంలో స్కూళ్లు చేసే పొరపాటు చాలావరకు ఇక్కడే మొదలవుతుంది. పిల్లవాడు మాట్లాడతాడు, లెక్కలు చకచకా చేస్తాడు, బెంగళూరు నమ్మ మెట్రో పర్పుల్ లైన్‌లో చల్లఘట్ట నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఉన్న 37 స్టేషన్లూ వరసగా చెప్తాడు, వెనక నుంచి కూడా చెప్తాడు. ఇంత తెలివి ఉన్నవాడికి ‘లైన్లో నిలబడు’ అంటే అర్థం కాకపోవడమేంటి, కావాలనే చేస్తున్నాడు అనుకుంటారు. నడవలేని పిల్లవాణ్ని కావాలనే నడవట్లేదు అని ఎవరూ అనరు. మావాడి దగ్గరికొచ్చేసరికి వాడి తెలివే వాడి మీద సాక్ష్యం అయిపోతుంది. మార్కులు తక్కువ వస్తే అయినా ఎవరో ఒకరు ఆగి ఆలోచించేవారేమో, 90 పైన వస్తుంటే ‘ప్రాబ్లం ఏముందండీ, కొంచెం డిసిప్లిన్ నేర్పండి’ అంటారు.

డిసిప్లిన్ నేర్పడం అంటే తల్లిదండ్రుల మీదకి రావడమే. మాది అనంతపురం వైపు, ఇద్దరం ఉద్యోగాల కోసం బెంగళూరు వచ్చి మారతహళ్లిలో ఉంటున్నాం. స్కూల్లో ‘ఇద్దరూ ఆఫీసుకి వెళ్తే అంతే’ అన్నారు. ఊరికెళ్తే ‘ఒక్కడే కదా, గారాబం ఎక్కువైంది’ అన్నారు. మా పెద్దత్త అయితే ‘నాలుగు తగిలిస్తే అన్నీ సర్దుకుంటాయి’ అని నా ముందే చెప్పింది. వాళ్లెవరికీ వాడి మీద ప్రేమ లేక కాదు, కానీ ఆ మాటలు విని విని ఒక దశలో నేనే నమ్మాను, ఒకట్రెండు సార్లు చెయ్యి కూడా చేసుకున్నాను, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

మన తెలుగే తీసుకోండి. ఇంటికి వచ్చిన చుట్టాలు బయల్దేరుతూ ‘వెళ్లొస్తాం’ అంటారు. మావాడు చిన్నప్పుడు తలుపు దగ్గరే కూర్చునేవాడు, వస్తామన్నారు కదా అని. ‘పోతాం’ అనడం మంచిది కాదు కాబట్టి అలా అంటామని వాడికి ఎవరూ చెప్పలేదు, మనకీ ఎవరూ చెప్పలేదు, కానీ మనకి తెలిసిపోయింది. అలా చెప్పకుండానే తెలిసిపోయేవి రోజుకి కొన్ని వందలు ఉంటాయి. ఇంట్లో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు, గ్రౌండ్‌లో కన్నడ. మూడు చోట్లా ఆ చెప్పనివన్నీ వేరువేరు. మొదట్లో మాకు ‘తెలుగు మానేసి ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, కన్ఫ్యూజన్ తగ్గుతుంది’ అని సలహా ఇచ్చినవాళ్లున్నారు. రెండు భాషల మధ్య పెరగడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకి అదనంగా నష్టం జరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు. అమ్మమ్మతో మాట్లాడే భాష తీసేస్తే మాత్రం వాడికి మిగిలే మనుషులు ఇంకా తగ్గిపోతారు. మేం మానలేదు.

బ్రిటన్‌లో డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు ఉన్నాడు, ఆయనకీ ఆటిజం ఉంది. అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉంటుంది, ఆటిజం ఉన్నవాళ్లకి మిగతావాళ్లు ఎంత అర్థం కారో, మిగతావాళ్లకి వాళ్లూ అంతే అర్థం కారు అని 2012లో రాశాడు. నాకు ఆ గురువారం సంగతంతా ఇందులో కనిపించింది. టీచర్ మనసులో ఏముందో మావాడికి తెలియలేదు నిజమే, మావాడి మనసులో ఏముందో టీచర్‌కి తెలిసిందా? రిమార్క్ మాత్రం ఒక్కళ్ల డైరీలోనే పడింది.

స్కూల్ కౌన్సెలర్‌ని కలిసినప్పుడు ఆవిడ, ‘నెట్‌లో చూశాను, ఆస్పర్జర్స్ అనేది ఇప్పుడు లేదట కదా’ అంది. పేరు లేదు, నిజమే. వియన్నా డాక్టర్ హాన్స్ ఆస్పర్జర్ 1944లో ఇలాంటి పిల్లల గురించి రాశాడు, 1981లో బ్రిటన్ డాక్టర్ లోర్నా వింగ్ రాసిన వ్యాసంతో ఆ పేరు ప్రపంచానికి తెలిసింది, 2013లో మానసిక వైద్యులు వాడే అమెరికా మాన్యువల్ డీఎస్ఎం-5 వచ్చాక అది ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిసిపోయింది. నాజీల కాలంలో ఆస్పర్జర్ చేసిన పనులు బయటపడ్డాక ఆ పేరు వాడటానికే ఇష్టపడనివాళ్లు చాలామంది ఉన్నారు. రిపోర్ట్‌లో ఏ పేరు ఉన్నా ఫైర్ డ్రిల్ సైరన్ మోగితే మావాడు చెవులు మూసుకుని బెంచీ కిందకి దూరడం మారదు కదా.

మానసిక, నరాల వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ లాంటి సంస్థ ఉన్న ఊరు ఇది. పరీక్ష చేసి రిపోర్ట్ ఇచ్చేవాళ్లు దొరుకుతారు, ఆ రిపోర్ట్ చదివే టీచర్ దొరకడమే కష్టం. పైగా ఆటిజం ఎంత ఉందో కొలవడానికి మనదేశంలో వాడే ఐసా అనే స్కేల్‌లో 40 అంశాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా వేస్తారు, మొత్తం 70 కంటే తక్కువ వస్తే ఆటిజం లేనట్టే. బాగా మాట్లాడుతూ తన పనులు తాను చేసుకునే పిల్లవాడికి అందులో చాలా అంశాల దగ్గర ఒకట్లూ రెండ్లే పడతాయి. అప్పుడు స్కూల్ వాళ్లు ‘సర్టిఫికెట్ లేదు కాబట్టి మేమేం చేయలేం’ అంటారు. ఇది సరికాదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో ఉన్న 21 వైకల్యాల్లో ఆటిజం స్పెక్ట్రమ్ ఉంది. ఉచిత విద్య లాంటి కొన్నిటికి వైకల్యం కనీసం 40 శాతం ఉందన్న సర్టిఫికెట్ కావాలి. కానీ సెక్షన్ 16లో, పిల్లవాడి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయాలన్నప్పుడు ఆ 40 శాతం షరతు లేదు. డాక్టర్ రిపోర్ట్ పట్టుకుని దాని ఆధారంగా గట్టిగా అడగండి. పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 ప్రకారం నిషేధం.

‘స్కూల్లో బాగానే ఉంటాడే, మీ ఇంట్లోనే ఏదో ఉంది’ అని కూడా అంటారు. సాయంత్రం నాలుగింటికి వ్యాన్ దిగాక మావాణ్ని చూడాలి. బూట్లు విప్పడు, బ్యాగ్ తీయడు, తిన్నగా మంచానికీ బీరువాకీ మధ్య ఉన్న సందులోకి వెళ్లి గోడకి వీపు ఆనించి కూర్చుంటాడు. మంచినీళ్లు కావాలా అన్నా అరుస్తాడు. ముప్పావు గంట, ఒక్కోసారి గంట. రోజంతా బిగబట్టుకుని ఉన్నది అక్కడ వదులుతాడు. ఆడపిల్లలు ఇంకా బాగా దాచుకుంటారు, అందుకే చాలామందికి డయాగ్నోసిస్ ఆలస్యమవుతుంది. స్కూల్లో కనిపించే ఆ ‘బాగానే’ వెనక వాడు ఎంత ఓపిక ఖర్చు పెడుతున్నాడో టీచర్లకి ఒక్కసారైనా చూపించాలనిపిస్తుంది.

మేం అడిగినవి పెద్దవేం కాదు. ఏ పీరియడ్ మారినా ముందే చెప్పండి, ఏం చేయకూడదో కాదు ఏం చేయాలో ఒక్క వాక్యంలో చెప్పండి, సైరన్ రోజు ముందే చెప్పండి, మరీ తట్టుకోలేకపోతే లైబ్రరీలో పది నిమిషాలు కూర్చోనివ్వండి. అన్నీ ఒక పేజీలో రాసి ఇచ్చాం. దానికి డబ్బు అక్కర్లేదు, స్పెషల్ ట్రైనింగ్ కూడా పెద్దగా అక్కర్లేదు. నలభై మంది ఉన్న క్లాసులో ఒక్కడి కోసం ఇదంతా ఎలా అని మొదట అన్నారు. టీచర్ల మీద ఉన్న పని నాకు తెలుసు, ఆ మాటలో న్యాయం లేదని అనను. కానీ పీరియడ్ మారిందని ముందే బోర్డు మీద రాస్తే మిగతా ముప్పై తొమ్మిది మందికీ నష్టం లేదు కదా.

ఈ ఏడాది వచ్చిన క్లాస్ టీచర్ ఆ పేజీ చదివింది. మొన్న మంగళవారం రాత్రి ఎనిమిదింటికి మెసేజ్ పెట్టింది, రేపు పీటీ ఉండదు, బదులు సైన్స్, వాడికి చెప్పండి అని. చెప్పాను. వాడు గోడకి అంటించుకున్న టైమ్‌టేబుల్ దగ్గరికి వెళ్లి పీటీ మీద పెన్సిల్‌తో ఒక గీత గీసి, పక్కన సైన్స్ అని రాసి, ‘ఒక్క రేపటికేనా?’ అని అడిగాడు. అవునన్నాను. లైట్ తీసేసి పడుకున్నాడు.