విమానం లేచేటప్పుడు మాస్టు నిలబడి ఉండదు

ఓడల మోడల్స్ చేసే మనవాళ్ళ మధ్య ఒక మాట బాగా తిరుగుతోంది. "రెండో ప్రపంచ యుద్ధం నాటి క్యారియర్ల (విమానవాహక నౌకల) మీద రేడియో మాస్టులు (తీగలు కట్టే స్తంభాలు) ఎప్పుడూ నిటారుగానే ఉంటాయి. రేడియో ఆగకూడదు కాబట్టి వాటిని వాల్చరు. కిట్ పెట్టె మీది బొమ్మల్లోనూ అలాగే ఉంటుంది. ఒకే తరగతి (ఒకే నమూనాలో కట్టిన) ఓడలన్నిటికీ మాస్టుల లెక్క ఒకటే. తీగలకి నల్లదారం కడితే చాలు." ఇది నమ్మి కొత్తవాళ్ళు జపాన్ క్యారియర్ షోకాకు డెక్ మీద విమానాలను బారులు తీర్చి, ఇంజన్లు తిరుగుతున్నట్టు చూపించి, అంచున మాస్టులన్నీ నిలబెట్టేస్తున్నారు. అంత ఓపికగా చేసిన పనిలో ఈ తప్పు కనిపిస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

"ఎప్పుడూ నిటారుగానే" అన్న మాటే అసలు తప్పు. జపాన్ వాళ్ళ అకాగి, హిర్యూ, షోకాకు, జుయికాకు, అమెరికా వాళ్ళ ఎసెక్స్ తరగతి, బ్రిటన్ వాళ్ళ ఆర్క్ రాయల్ ఏది తీసుకున్నా, డెక్ అంచున ఉండే పొడవాటి మాస్టులకి మొదలు దగ్గర కీలు ఉంటుంది. వాల్చడానికే ఆ కీలు. ఎందుకు వాల్చాలో కొలతలు చూస్తే తెలిసిపోతుంది. షోకాకు డెక్ వెడల్పు 29 మీటర్లు. దాని మీంచి లేచే బి5ఎన్ టార్పెడో విమానం రెక్కల చాపు సుమారు 15.5 మీటర్లు. మధ్య గీత నుంచి ఏడు మీటర్లు పక్కకి జరిగితే చాలు, రెక్క కొస డెక్ అంచు దాటిపోతుంది. దిగేటప్పుడు గాలికి అటూ ఇటూ ఊగుతూ వచ్చే విమానానికి ఏడు మీటర్లు ఏపాటి? ఆ దారిలో ఉక్కు మాస్టు నిలబడి ఉంటే పైలట్ బతకడు.

వాల్చడం అంటే డెక్ మీదికి పడుకోబెట్టడం కాదు. కొందరు మోడల్స్‌లో అలాగే అతికిస్తున్నారు. డెక్ ఖాళీ చెయ్యడానికే కదా వాల్చేది! మాస్టు బయటికి, సముద్రం వైపుకి వాలి, ఓడ పక్క నుంచి చాచిన చెయ్యిలా అడ్డంగా నిలుస్తుంది. మాస్టుకీ మాస్టుకీ మధ్య కట్టిన తీగలు కూడా దాంతోపాటే వాలి, నీళ్ళ మీదుగా, డెక్ అంచుకి దాదాపు సమాంతరంగా సాగుతాయి.

అలాగని డెక్ మీద విమానం కనిపిస్తే చాలు, మాస్టులు వాల్చెయ్యాలనుకోకండి. లంగరు వేసిన ఓడ మీద విమానాలు ఆపి ఉండొచ్చు, మాస్టులు లేచే ఉండొచ్చు. మీ మోడల్‌లో డెక్ మీద ఏం జరుగుతోందో ముందు తేల్చుకోండి. విమానాలు లేస్తున్నాయా, దిగుతున్నాయా, ఊరికే ఆగి ఉన్నాయా అన్నదాన్ని బట్టే మాస్టు.

ఇక "రేడియో ఆగకూడదు" అనే వాదన. ఇందులో సగం నిజం ఉంది. పెర్ల్ హార్బర్ మీద దాడికి వెళ్ళిన జపాన్ నాగుమో దళం 1941 నవంబరు 26న హితోకప్పు అఖాతం నుంచి బయల్దేరినప్పుడు సందేశాలు పంపడం పూర్తిగా మానేసింది కానీ వినడం మానలేదు. "నీతకా పర్వతం ఎక్కండి" అన్న దాడి ఆదేశం డిసెంబరు 2న నడిసముద్రంలోనే అందింది. దూరపు సందేశాలకి పొడుగాటి తీగలు కావాలి, అందుకే అంత ఎత్తు మాస్టులు. అయితే ఓడలో ఉన్న ఏరియల్ అదొక్కటే కాదు. అమెరికా క్యారియర్ల సంగతే చూడండి. పైలట్లకి ఇంటిదారి చూపించే వై.ఈ. అనే రేడియో బీకన్ ఐలాండ్ (డెక్ మీద ఒక పక్కన లేచిన కట్టడం) మీదున్న మాస్టు కొసన ఉండేది. డెక్ అంచు మాస్టులు వాల్చినా అది అలాగే ఉంటుంది. కాబట్టి మాస్టులు వాల్చినంత మాత్రాన ఓడ మూగది కాదు.

కిట్ బొమ్మలు రుజువు కావు. పెట్టె మీద బొమ్మ వేసేవాళ్ళు భాగాలన్నీ స్పష్టంగా కనపడాలని చూస్తారు. అంతకు మించి అందులో ఏమీ లేదు.

ఒకే తరగతి అయితే లెక్క ఒకటే అన్నది ఎసెక్స్ తరగతి దగ్గరే తేలిపోతుంది. 1943లో వచ్చిన ఓడలకి కుడి అంచున జాలీ మాస్టులు వరసగా కనిపిస్తాయి. యుద్ధం సాగేకొద్దీ కొన్నిటిని పీకేసి, సన్నటి విప్ ఏరియల్స్ పెట్టారు. ఆలస్యంగా తయారైన ఓడలకి మొదటి నుంచే మాస్టులు తక్కువ. ఇంట్రెపిడ్‌నే తీసుకోండి. 1944లో దానికి డాజిల్ రంగులు, అంటే శత్రువు కంటిని తికమక పెట్టే పట్టీలు. ఆ నవంబరు 25న కమికాజే (జపాన్ ఆత్మాహుతి విమానాల) దెబ్బలు తిని, మరమ్మతు చేయించుకుని, 1945లో వేరే రంగుతో తిరిగొచ్చింది. అలాంటి మరమ్మతుల్లో రంగొక్కటే మారదు. తుపాకులు, ఏరియల్స్ కూడా మారతాయి. 1944 నాటి రంగు వేసి 1945 నాటి ఫోటో చూసి మాస్టులు పెడితే రెండూ పొసగవు. ముందు తేదీ ఒకటి ఎంచుకుని, ఆ తేదీకి దగ్గరగా తీసిన ఫోటోలో మాస్టులు లెక్కపెట్టండి.

నల్లదారం లెక్క కూడా కట్టి చూద్దాం. 0.1 మిల్లీమీటర్ల దారం 1/350 స్కేల్‌లో మూడున్నర సెంటీమీటర్ల లావు మోకు అవుతుంది. 1/700లో ఏడు సెంటీమీటర్లు. రేడియో తీగ అంత లావు ఉండదు. స్ప్రూ (కిట్ భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం) ముక్కని కొవ్వొత్తి మంట పైన తిప్పుతూ వేడి చేసి, మెత్తబడి వంగడం మొదలవగానే మంట పక్కకి తెచ్చి సాగదీస్తే వెంట్రుక కంటే సన్నగా వస్తుంది. రంగు నలుపు వద్దు, ముదురు బూడిద వెయ్యండి. ఆ సన్నదనానికి నలుపు గీత గీసినట్టు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మాస్టులకి కిట్‌లో వచ్చే గట్టి ప్లాస్టిక్ ముక్క బదులు ఎచ్ ఇత్తడి (రసాయనంతో సన్నగా చెక్కిన ఇత్తడి రేకు) జాలీ వాడితే అవతలి సముద్రం దాని సందుల్లోంచి కనపడుతుంది. వాల్చిన మాస్టులు చెయ్యి తగిలితే ఇట్టే వంగుతాయి కాబట్టి వాటిని అన్నిటికంటే చివర అతికించండి. తీగని మరీ టెన్షన్‌గా లాగి కడితే ఎచ్ మాస్టులు ఒకదాని వైపు ఒకటి ఒరిగిపోతాయి. అందుకని కాస్త వదులుగా అతికించి, ఆరాక, మంట ఆర్పి నిప్పు మాత్రం ఉన్న అగరుబత్తి వేడి కొసని తాకకుండా దగ్గరికి చూపిస్తే తీగ తనంతట తనే బిగుసుకుంటుంది.