విశ్వవిద్యాలయం ఏ ఏడు పుట్టినట్టు?

(నెల్లూరు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో పీజీ చదువుతున్న శ్రావణి తమ విశ్వవిద్యాలయం పుట్టుక మీద ఒక వ్యాసం రాసింది. "మన చరిత్ర 2008తో కాదు, కావలి పీజీ సెంటర్‌తో మొదలవుతుంది" అన్నది అందులో మొదటి వాక్యం. 1980ల్లో ఆ కావలి సెంటర్‌లోనే చదివిన బాబాయ్ ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాడు.)

బాబాయ్: ఇది కొట్టెయ్ అమ్మాయ్. విశ్వవిద్యాలయం అంటే డిగ్రీ ఇచ్చే అధికారం. ఆ అధికారం మన జిల్లాకు వచ్చింది 2008లో. అంతకు ముందు కావలిలో ఉన్నది తిరుపతి వాళ్ళ సెంటరు.

శ్రావణి: మరి నువ్వు చదివింది ఎక్కడ?

బాబాయ్: కావలిలోనే. కానీ పట్టా మీద ఏముంది? శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, తిరుపతి. సిలబస్ వాళ్ళది, పరీక్షలు వాళ్ళవి, జీతాలు ఇచ్చిందీ వాళ్ళే. అన్నం పెట్టినోళ్ళ పేరు పక్కకు నెట్టి అదంతా మా చరిత్రే అంటే అన్యాయం కాదా?

శ్రావణి: నెట్టడం లేదు బాబాయ్, వాళ్ళ పేరు రెండో వాక్యంలోనే ఉంది. ఆ తిరుపతి విశ్వవిద్యాలయం మాత్రం 1954లో ఉన్నట్టుండి వెలిసిందా? 1937లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ ఇంట్లో కోస్తా, రాయలసీమ పెద్దలు కూచుని ఒప్పందం చేసుకున్నారు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలని అందులో రాసుకున్నారు. రాయలసీమ వాళ్ళు ఆ మాట కోసం ఏళ్ళ తరబడి పట్టుబట్టారు. చివరికి అది తిరుపతిలో వచ్చింది. ఈ సంగతి చెప్పకుండా 1954 అన్న అంకె ఒక్కటే చెబితే ఎవరికి ఏం తెలుస్తుంది?

బాబాయ్: నీ దారిలోనే అడుగుతా. ఆంధ్ర విశ్వవిద్యాలయం కోసం కూడా ఏళ్ళ తరబడి అడిగారు గదా? అయినా వాళ్ళు పుట్టిన ఏడు 1926 అనే చెప్పుకుంటారు, చట్టం వచ్చిన ఏడు. మొదట బెజవాడలో నడిచి తర్వాత వాల్తేరు పోయినా ఆ అంకె మారలేదు. వాళ్ళకు లేని ఆశ మనకెందుకు?

శ్రావణి: (కాసేపు ఆగి) అది నిజమే. పుట్టినరోజు చట్టం రోజే, నేను ఒప్పుకుంటా. కానీ నేను రాస్తున్నది పుట్టినరోజు కాదు, పుట్టుక.

బాబాయ్: అట్టాగైతే కావలి దగ్గరే ఎందుకు ఆగావు? నెల్లూరులో వి.ఆర్. కాలేజీ ఉంది, కావలిలో దొడ్ల రామచంద్రారెడ్డి గారు పెట్టిన జవహర్ భారతి ఉంది. ఇంకా వెనక్కు పోయి తిక్కన కాలం దాకా లాగు!

శ్రావణి: పేరులో నెల్లూరు పాత పేరు సింహపురి ఉంది గనక తిక్కనను అందరూ లాగుతూనే ఉన్నారు, నేను లాగను. నాకు పేరు కాదు కావాల్సింది.

బాబాయ్: పేరు సంగతి వదిలెయ్. అసలు విశ్వవిద్యాలయం కావలిలోనే పెట్టాల్సింది. కాకుటూరులో పెట్టారు, నెల్లూరు దాటి మద్రాసు రోడ్డు మీద. ఉదయగిరి పిల్లలకు ఎంత దూరం!

శ్రావణి: గూడూరు, నాయుడుపేట పిల్లలకు దగ్గరే గదా?

బాబాయ్: వాళ్ళకు తిరుపతి ఎప్పుడూ దగ్గరే. కష్టమంతా ఉత్తరాన ఉన్న మాకే.

శ్రావణి: చూశావా, నా మాటే నువ్వు చెబుతున్నావు! కష్టం ఉత్తరాన ఉంది కాబట్టే కావలిలో సెంటర్ విలువైంది. మొన్న నీ పాత ఫైలు తీసి చూపించావు. పట్టా మీద తిరుపతి ఉంది, సరే. దాని కిందే హాల్ టికెట్ ఉంది, అంచులు పసుపుపచ్చగా మారిపోయి. కేంద్రం అన్న చోట సిరాతో రాసింది ఏంటి? కావలి. మన జిల్లా చదువు చరిత్ర నాకు ఆ హాల్ టికెట్‌లో కనిపిస్తుంది. కావలి సెంటర్ లేకుండా తిరుపతిలో గది తీసుకుని చదవాల్సి వస్తే తాతయ్య నిన్ను పంపేవాడా? నీ సంగతి వదిలెయ్, అత్తను పంపేవాడా? అత్త పొద్దున బస్సెక్కి పోయి సాయంత్రానికి ఇంటికి రాగలిగింది కాబట్టే చదివింది. ఇంటి అన్నం తింటూ పీజీ చదివిన ఆడపిల్లలు ఆ ఊళ్ళల్లో ఎప్పుడు మొదలయ్యారు? 2008లోనా? చట్టం చేసిన వాళ్ళు ఖాళీ నేల మీద చెయ్యలేదు. అప్పటికే చదివేవాళ్ళు ఉన్నారు, పాఠం చెప్పేవాళ్ళు ఉన్నారు, గదులున్నాయి. ఆ తర్వాత కావలి సెంటర్ మన విశ్వవిద్యాలయంలోనే కలిసింది గదా! కలిసినదాన్ని పరాయి చరిత్ర అని ఎట్టా అంటావు?

బాబాయ్: అత్త సంగతి వ్యాసంలో లేదే?

శ్రావణి: లేదు.

బాబాయ్: అది రాయి ముందు. 2008 కూడా మొదటి పేరాలోనే ఉండాలి, కిందెక్కడో కాదు.

శ్రావణి: ఉంటుంది. కానీ మొదటి వాక్యం మార్చను.

బాబాయ్: నేను ఒప్పుకోలేదని కూడా రాయి.